మీకు తెలుసా? మలేరియా గుట్టు బయటపడింది మన పక్కనే!

ఎస్.ఆర్. నగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే, ఆ తర్వాతి స్టేషనే బేగంపేట. మలేరియా దోమల ద్వారా వస్తుందనడానికి కీలకమైన ఆధారం దొరికింది అక్కడే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు, నాలుగు రోజుల ముందు మలేరియా రోగిని కుట్టిన ఒక దోమను కోసి, దాని పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ రోగి పేరు హుసేన్ ఖాన్. కుట్టించుకున్న ఒక్కో దోమకు రాస్ ఒక అణా ఇచ్చాడు. పాఠ్యపుస్తకాల్లో హుసేన్ ఖాన్ పేరు కూడా ఉండాలి. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు పరీక్షలో తరచూ తడబడేది ఇక్కడే: మలేరియా కారకం దోమ కాదు, ప్లాస్మోడియం. అది బ్యాక్టీరియా కాదు, వైరస్ కూడా కాదు; ప్రోటోజోవా వర్గపు ఏకకణ జీవి. బ్యాక్టీరియాకు లేని స్పష్టమైన కేంద్రకం దీనికి ఉంటుంది. మన ఒంట్లోకి వచ్చాక ముందు కాలేయంలో పెరిగి, తర్వాత ఎర్ర రక్తకణాల్లోకి చేరుతుంది. ఆడ ఎనాఫిలిస్ దోమ దీనికి వాహకం మాత్రమే. డెంగీకి ఏడిస్, బోదకాలుకు ముఖ్యంగా క్యూలెక్స్.

రాస్ పేరుతో ఉన్న భవనం పాత విమానాశ్రయం దగ్గర, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధీనంలో ఉంది. పునశ్చరణ రోజున పిల్లల్ని ఒకసారి అటు తీసుకెళ్లండి.