జె.ఎన్.టి.యు. చరిత్ర: ప్రాంగణానికి వెలుపలి విద్యార్థి

జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం 1972 అక్టోబరు 2న ఏర్పడింది. అందులో చేరిన కళాశాలలు అంతకంటె పాతవి. కాకినాడ కళాశాల 1946లో విశాఖపట్నం పేరుతో పుట్టింది. అనంతపురం కళాశాల అదే ఏడు మద్రాసులోని గిండీలో ప్రారంభమై, 1948లో రాయలసీమకు చేరింది. హైదరాబాదులోని నాగార్జునసాగర్ ఇంజనీరింగు కళాశాల 1965 నాటిది. 2008 విభజనతో ఈ మూడూ వేర్వేరు విశ్వవిద్యాలయాలకు కేంద్రాలయ్యాయి. లలితకళలు, వాస్తుశాస్త్రం నాలుగవదానికి దక్కాయి.

హాస్టలు, వర్క్‌షాపు, గ్రంథాలయం కలగలిసిన ప్రాంగణ జీవితం ప్రధానంగా ఈ కళాశాలల విద్యార్థులది. అనుబంధ కళాశాలల్లో చదివిన అధికసంఖ్యాకులకు విశ్వవిద్యాలయమంటే హాల్‌టికెట్టు, పరీక్షల టైంటేబులు, మార్కుల మెమో. (కూకట్‌పల్లిలో అది మెట్రో స్టేషను పేరు కూడా.) వ్యవస్థాపన తేదీలతో, భవనాల వివరాలతో సరిపెట్టే సంస్థా చరిత్రలో ఈ విద్యార్థికి చోటు దొరకదు. పట్టా మీద మాత్రం ఆ విశ్వవిద్యాలయం పేరే ఉంటుంది.