ఆక్యుపంక్చర్ – ధూమపాన విసర్జన

తుంగభద్రా తీరాన చేనేతకు పేరొందిన రాజోలిలో ఒక నేతకారుడు బీడీ మానదలచాడనుకుందాం. అతనికి అడ్డుపడేది మనోదౌర్బల్యం ఒక్కటే కాదు. పొగ పీల్చిన కొద్ది సెకన్లలోనే నికోటిన్ మెదడును చేరి హాయి గొలుపుతుంది. అది అందనినాడు చిరాకు, అశాంతి, నిద్రలేమి ఆరంభమవుతాయి. తొలి వారంలో ఈ బాధలు మరీ తీవ్రం. ఆ రోజులు గట్టెక్కడానికి కొందరు ఆక్యుపంక్చర్‌ను ఆశ్రయిస్తారు.

ఈ ఆలోచన యాదృచ్ఛికంగా పుట్టింది. హాంకాంగ్‌లో శస్త్రచికిత్సకు ముందు నొప్పి తెలియకుండా సూదులు గుచ్చి స్వల్ప విద్యుత్తును ప్రసరింపజేసినప్పుడు, రోగికి నల్లమందుపై తహతహ సైతం తగ్గినట్లు వైద్యులు గమనించారు. వెన్, చ్యూంగ్ అనే వైద్యులు 1973లో తమ అనుభవాలను ప్రకటించారు. అనంతరం న్యూయార్క్‌లోని లింకన్ ఆసుపత్రిలో చెవిపై ఐదు చోట్ల సూదులు గుచ్చే పద్ధతి రూపొందింది. క్రమంగా పొగతాగేవారికీ దీనిని వర్తింపజేశారు.

మరి ఫలితమెంత? సూది గుచ్చించుకున్నామన్న నమ్మకమే మేలు చేయవచ్చు గదా! అందుకే పరిశోధకులు కొందరికి నిర్దేశిత స్థానాలలోను, కొందరికి ఉత్తుత్తిగాను సూదులు గుచ్చి పోల్చి చూశారు. ఇట్టి ప్రయోగాలను పరిశీలించిన కాక్రేన్ సమీక్ష 2014లో వెలువడింది. స్వల్పకాలిక ప్రయోజనం ఉండవచ్చునే గాని, ఆరు నెలలు, ఆపైన నిలిచే ఫలితానికి నిలకడైన ఆధారం లేదని అది తేల్చింది.

సూదుల కోసం పలుమార్లు పట్టణానికి తిరిగితే నేతకారునికి ఆనాటి కూలి పోతుంది. నికోటిన్ చూయింగ్ గమ్, వైద్యుని సలహా మేలు చేస్తాయని నిరూపితమైంది. పొగాకు మానదలచినవారికై కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రారంభించిన ఉచిత ఫోను సేవ 1800-11-2356. మగ్గం దిగకుండానే అతడు ఆ సలహా పొందవచ్చు.