సంక్షోభ ప్రణాళిక: సైరన్ ఎవరు మోగించాలి?

సంక్షోభ ప్రణాళిక అనగానే మీకు అలారాలు, మాక్ డ్రిల్లులు, ఫోన్ నంబర్ల పట్టిక గుర్తుకు వస్తాయి. అవి ఉంటే చాలా? 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలోని ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారంలో ట్యాంకులో నిల్వ ఉన్న స్టైరీన్ వేడెక్కి, ఆవిరై పక్కనున్న ఆర్.ఆర్. వెంకటాపురం ఇళ్లను కమ్మింది. 12 మంది మరణించారు. రాష్ట్ర ప్రభుత్వ ఉన్నతస్థాయి కమిటీ తేల్చిన విషయాల్లో ఒకటి గమనించండి: సైరన్ మోగించే ఏర్పాటు 36 చోట్ల ఉంది, ఒక్కచోట నుంచి కూడా అది మోగలేదు.

కాబట్టి పరికరాల జాబితాతో ప్రణాళిక పూర్తి కాదు. పైఅధికారి అనుమతికి ఆగకుండా సైరన్ మోగించే అధికారం రాత్రి షిఫ్టులో ఎవరిదో అందులో రాసి ఉండాలి. డ్రిల్లు కూడా రాత్రిపూట, ముందుగా చెప్పకుండా జరపాలి (పగలు, అందరికీ తెలిపి జరిపేది కవాతు మాత్రమే). సైరన్ వినగానే గాలి వీచే దిశకు అడ్డంగా వెళ్లాలని చుట్టుపక్కల వారికి ముందే నేర్పాలి.