పల్లెల్లోనూ పేగుపూత.. తేల్చిన హైదరాబాద్ అధ్యయనం

హైదరాబాద్: రక్త విరేచనాలు వారాల తరబడి తగ్గకపోయినా చాలామంది అవి మొలలనో, జిగట విరేచనాలనో భావించి సొంతంగా మందులు వాడుతుంటారు. పెద్దపేగులో పుండ్లు కలిగించే అల్సరేటివ్ కొలైటిస్, జీర్ణనాళంలో ఎక్కడైనా రాగల క్రోన్స్ వ్యాధి కూడా ఇలాగే బయటపడవచ్చు. ఈ రెండింటినీ కలిపి పేగుపూత లేదా ఐబీడీ అంటారు. రోగనిరోధక వ్యవస్థ గాడి తప్పి పేగు పొరపైనే దాడి చేయడం వీటిలో కీలకం.

ఇది పాశ్చాత్యులకు, నగరవాసులకు వచ్చే జబ్బన్న నమ్మకాన్ని పరీక్షకు నిలిపినవారు ఏఐజీ ఆసుపత్రిలో ఐబీడీ కేంద్రానికి సారథ్యం వహిస్తున్న డాక్టర్ రూపా బెనర్జీ. పేగు సమస్యలున్న 30 వేల మందికి పైగా గ్రామీణ, పట్టణ వాసులకు కొలనోస్కోపీ చేసి ఆమె బృందం జరిపిన అధ్యయనం 2023లో లాన్సెట్ ఆగ్నేయాసియా ప్రాంతీయ పత్రికలో వెలువడింది. పల్లెల్లోనూ ఐబీడీ దాదాపు పట్టణాల స్థాయిలోనే కనిపించింది.

మన దేశంలో అసలు చిక్కు క్షయతో వస్తుంది. పేగు క్షయ, క్రోన్స్ వ్యాధి చూడటానికి ఒకేలా ఉంటాయి. కానీ చికిత్సలు వేరు. క్షయ రోగికి రోగనిరోధక శక్తిని అణిచే మందులిస్తే క్షయ విజృంభిస్తుంది. క్రోన్స్ రోగికి క్షయ మందులతోనే సరిపెడితే నెలల తరబడి కాలం వృథా అవుతుంది, ఈలోగా పేగు కుంచించుకుపోవచ్చు. అందుకే కొలనోస్కోపీ, బయాప్సీ పరీక్షలను వాయిదా వేయకూడదు.