చెయ్యి వదిలినా చూపు వదలని ప్రేమ

పిల్లలకు సైకిల్ నేర్పించిన తల్లిదండ్రులెవరినైనా అడిగి చూడండి. అన్నింటికన్నా కష్టంగా తోచిన క్షణం ఏదంటే, సీటు వెనకాల పట్టుకున్న చెయ్యి తీసేసిన క్షణమనే చెబుతారు. అంతవరకూ బండి బరువు, బిడ్డ భయం రెండూ మన చేతిలోనే ఉంటాయి. ఆ చెయ్యి తీశాక మనకు మిగిలేవి రెండు కళ్లు, ఒక ప్రార్థన!

ఒకప్పుడు మన ఊళ్లలో పెద్దలకు ఈ కష్టం అంతగా తెలియదు. గంటకింత అని సైకిల్ అద్దెకు తెచ్చుకుని, సీటు అందక బార్ కింద నుంచి కాలు దూర్చి తొక్కుతూ, మోకాళ్లు చెక్కుకుపోయాక పిల్లలే నేర్చుకుని ఇంటికొచ్చేవారు. ఇప్పుడు పిల్లల ఎత్తుకు తగిన సైకిళ్లు, పక్క చక్రాలు, హెల్మెట్లు వచ్చాయి. వెనకాల పరుగెత్తే అమ్మానాన్నలూ ఉన్నారు. మంచిదే! అయితే ఎంతవరకు పట్టుకోవాలి? ఎప్పుడు వదలాలి?

జవాబు సైకిల్‌లోనే ఉంది. బండి ఎడమకు ఒరిగితే హ్యాండిల్‌ను కాస్త ఎడమకే తిప్పాలి. అప్పుడు చక్రాలు మళ్లీ మనిషి బరువు కిందికి వచ్చి బండి నిలబడుతుంది. భయపడిన పిల్లలు దీనికి వ్యతిరేకంగా కుడికి తిప్పి పడిపోతారు. పైగా మరీ మెల్లగా వెళ్తే బండి ఎక్కువగా ఊగుతుంది, కాస్త వేగం అందుకుంటేనే నిలుస్తుంది. ఇది చెబితే వచ్చే విద్య కాదు, ఒంటికి అలవాటు కావాలి. పక్క చక్రాలు బండిని ఒరగనివ్వవు గనుక వాటి మీద ఏడాది తిరిగినా ఈ విద్య రాదు. పెద్దలు హ్యాండిల్ పట్టుకున్నా అంతే. 1817లో జర్మనీలో కార్ల్ డ్రైస్ నడిపిన రెండు చక్రాల బండికి పెడళ్లే లేవు, కాళ్లతో నేలను తన్నుతూ నడిపేవారు. ఇప్పటికీ చాలామంది పెడళ్లు తీసేసి, పిల్లలకు ముందుగా ఒరగడం, సర్దుకోవడం నేర్పిస్తారు. తెలిసినవారు హ్యాండిల్ జోలికి పోకుండా వెనక నుంచి సీటు పట్టుకుంటారు. దారి చూసుకునే పని బిడ్డకిచ్చి, కాచే పని తాము ఉంచుకుంటారు.

మా అమ్మాయికి చర్చి ఆవరణలో సైకిల్ నేర్పినప్పుడు, "నాన్నా, పట్టుకున్నావా?" అని అడుగడుక్కీ అడిగేది. వదిలేసి కూడా "పట్టుకున్నాలేమ్మా" అనడం చాలామందికి అలవాటు. మేము మాత్రం ముందే చెప్పాం. వేపచెట్టు దాకా పట్టుకుంటాం, అక్కడ వదిలేస్తాం, పక్కనే ఉంటాం అని. "పడితే?" అంది. "పడితే లేపుతాం" అన్నాం. రెండుసార్లు పడింది, రెండుసార్లూ లేపాం. మూడోసారి వేపచెట్టు దాటి వెళ్లిపోయింది. బ్రేకు సంగతి మరచి ప్రహరీగోడ దగ్గర కాళ్లు ఆనించి ఆగింది గాని, దారిలో ఒక్కసారి కూడా వెనుదిరిగి చూడలేదు. ఎంత సంతోషమో! ఆ సంతోషంలో ఎక్కడో చిన్న వెలితి కూడా!

ఆ వెలితి మోషే తల్లి యొకెబెదుకు తెలుసు. మూడు నెలలు బిడ్డను దాచింది. ఇక దాచలేనని తెలిసినప్పుడు జమ్ముపెట్టె తెచ్చి, నీళ్లు చొరబడకుండా పూత పూసి, బిడ్డను పడుకోబెట్టి, ఏటి ఒడ్డున జమ్ములో ఉంచింది. ఏమవుతుందో చూడటానికి బిడ్డ అక్క దూరంగా నిలబడింది (నిర్గమ 2:3,4). వదలకముందు పూత, వదిలాక కాపలా. ఫరో కుమార్తెకు దొరికిన ఆ బిడ్డ పాలకోసం మళ్లీ తల్లి ఒడికే చేరాడు. పెద్దవాడయ్యాక ఆమె రెండోసారి వదులుకుని రాజభవనానికి అప్పగించింది. ఒడిలో ఉన్న ఆ కొద్దికాలంలో ఏమి నేర్పిందో వాక్యం వివరించదు. కాని పెద్దవాడైన మోషే రాజభోగాలను కాదని దేవుని ప్రజలతో శ్రమపడటానికే ఇష్టపడ్డాడు (హెబ్రీ 11:24,25).

మన ఇళ్లలోనూ ఆ రోజు వస్తుంది. పదో తరగతి కాగానే హాస్టల్, చదువు ముగియగానే బెంగళూరో, అమెరికానో. కొందరు అప్పుడు కూడా హ్యాండిల్ వదలరు. ఏ కోర్సు చదవాలో, ఎవరితో స్నేహం చేయాలో అన్నీ వారే తిప్పుతారు. మరికొందరు 'వాడి జీవితం వాడిది' అని చూపు కూడా తిప్పేసుకుంటారు. ఇద్దరి బిడ్డలూ ఎక్కడో ఒకచోట పడతారు. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక పలువురు విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఇళ్లలో ప్రేమ తక్కువైందని మనం అనలేం, అనకూడదు. అయితే పరీక్ష తప్పినా, ఉద్యోగం పోయినా, తప్పుదారి పట్టినా 'ఇంటికి వెళ్లొచ్చు' అన్న ధైర్యాన్ని మన పిల్లలకు ఈ రోజే ఇవ్వగలం. పడిన బిడ్డ మొదట వినేది 'ముందే చెప్పానా?' అన్న మాటా, 'దెబ్బ తగిలిందా నాన్నా?' అన్న మాటా?

ఎఫ్రాయిముకు చెయ్యి పట్టుకుని నడక నేర్పానంటాడు దేవుడు (హోషేయ 11:3). ఆ నడక నేర్చినవారే ఆయనను విడిచి వెళ్లారు. అయినా వారిని వదులుకోలేక ఆయన హృదయం తల్లడిల్లింది. నీతిమంతుడు పడడని కీర్తనకారుడు అనలేదు. పడినా దేవుడు చెయ్యి పట్టుకుంటాడన్నాడు (కీర్తన 37:24). అలాంటి తండ్రి చేతికి మన పిల్లలను అప్పగిద్దాం. ఒడిలో ఉన్నంతకాలం ప్రార్థననూ వాక్యాన్నీ నేర్పిద్దాం. సమయం వచ్చినప్పుడు చెప్పే వదులుదాం. ఆ తర్వాత కూడా పిలిస్తే వినిపించేంత దగ్గరలో, మోకాళ్ల మీద ఉందాం.