లోహసాహాయ్యమున ఆల్డిహైడుల నిర్మాణము

దాల్చినచెక్క పరిమళమును, నిమ్మగడ్డి సువాసనను ఎరుగనివారుండరు. ఈ రెంటికిని ముఖ్యకారణములు ఆల్డిహైడులను పదార్థములే. ఒక కర్బన పరమాణువు ఆమ్లజనితో రెండు బంధములచేతను, ఉదజనితో ఒక బంధముచేతను కూడియుండుటయే వీని గుర్తు. సుగంధములకే కాక, మద్యసారములకును, ప్లాస్టిక్కులను మెత్తపరచు ద్రవ్యములకును ఇవి మూలములు. కావున వీనిని విరివిగా తయారుచేయు మార్గము అవసరమయ్యెను.

1938వ సంవత్సరమున జర్మనీదేశములోని ఓబర్‌హౌజెన్ పట్టణమున, రూర్‌కెమీ అను సంస్థలో ఓటో రోలెన్ అను శాస్త్రజ్ఞుడు కార్బన్ మోనాక్సైడు, ఉదజనులనుండి తైలములు చేయు పద్ధతిని పరిశోధించుచుండెను. ఆ వాయువులతో ఎథిలీనును గూడ కోబాల్టుగల ఉత్ప్రేరకముపై పంపగా, అనుకొనని ప్రొపియొనాల్డిహైడు లభించెను. ఆయన దానిని ఉపేక్షింపక కారణము నన్వేషించెను. ఆ చర్యకే హైడ్రోఫార్మిలేషనని పేరు.

ఇందు లోహము చేయు పని యేమి? అది మొదట ఎథిలీనువంటి ద్విబంధముగల అణువును తనయొద్ద చేర్చుకొని, దానికొక ఉదజని పరమాణువు నొసగును. పిమ్మట కార్బన్ మోనాక్సైడును నడుమ నిముడ్చును. తుదకు మఱియొక ఉదజని పరమాణువు చేరగా ఆల్డిహైడు విడివడును. లోహము మరల మొదటి పనికి సిద్ధమగును. వధూవరులను కూర్చి తాను తొలగిపోవు పెండ్లిపెద్దవంటి దీ లోహము.

కోబాల్టు పద్ధతికి సాధారణ వాయుపీడనమునకు 200 మొదలు 300 రెట్ల ఒత్తిడి కావలసియుండెను. 1960వ దశకమున ఇంగ్లండులో జెఫ్రీ విల్కిన్సన్ రోడియమును ఫాస్ఫీనుతో జతపరచి, ఇదే చర్యను మిక్కిలి తక్కువ ఒత్తిడితో, తక్కువ వేడిమితో నడపవచ్చునని చూపెను. అందుచే సంక్లిష్టములును సున్నితములునగు అణువులను గూడ చెడకుండ ఆల్డిహైడులుగా మార్చుట సాధ్యమయ్యెను. ఎ విటమిను తయారీకి వలయు ఒక ఆల్డిహైడును రోడియము సాయముననే చేయుచున్నారు.

అయితే రోడియము మిగుల వెలగలది; తయారైన సరకుతో కొట్టుకొనిపోయినచో నష్టము తప్పదు. 1984లో, ఓబర్‌హౌజెన్‌లోనే, నీట కరగు ఫాస్ఫీనును దానికి చేర్చి ప్రొపీనునుండి బ్యుటిరాల్డిహైడును చేయసాగిరి. చర్య ముగియగనే ఆల్డిహైడు నూనెవలె పైకి తేలును. రోడియము క్రింది నీటిలోనే నిలిచి మరల పనికి వచ్చును.

విద్యార్థులారా! అనుకొనని ఫలితమును పరీక్షించుటచే రోలెన్ క్రొత్త మార్గమును కనుగొనెను. సాధనమును పోగొట్టుకొనకుండుటచే తరువాతివారు దానిని లాభకర మొనర్చిరి. ప్రయోగశాలలో మీకును ఈ రెండు గుణములు అవసరములు.