కారు అద్దము – కారణ శోధన

మీట నొక్కగానే కారు అద్దము దిగును. మీట ఎత్తగానే మరల పైకి ఎక్కును. అలవాటైన వారికి దాని వెనుక ఒక యంత్రమున్నదను సంగతియే స్ఫురింపదు. ఒకనాడు వానలో అద్దము సగములో నిలిచిపోయినపుడు మాత్రము అందరి చూపులును తలుపు వైపు మరలును. అపుడు సాధారణముగా వినవచ్చు తీర్పు ఒక్కటే: "మోటారు పోయినది, క్రొత్తది వేయవలెను." ఆ తీర్పు నిజము కావచ్చును, కాకపోవచ్చును. విచారణకు ముందే శిక్ష విధించుట న్యాయస్థానములో ఎంత తప్పో, పరీక్షకు ముందే భాగమును మార్చుట యంత్రశాలలో అంత తప్పు.

అమెరికాలో 1940లో ప్యాకార్డు కార్లకు ద్రవపీడనముతో అద్దములను నడపు ఏర్పాటు వచ్చినది. 1951లో క్రైస్లర్ ఇంపీరియల్ కారులో ఆ పనిని విద్యుత్ మోటారు చేపట్టినది. మన దేశములో మాత్రము చేతితో త్రిప్పు పిడి చాలకాలము నిలిచినది.

నేటి ఏర్పాటులో మూడు అంగములు కలవు. మొదటిది విద్యుత్ మార్గము: బ్యాటరీ, ఫ్యూజు, స్విచ్, వైర్లు. రెండవది మోటారు. మూడవది అద్దమును ఎత్తి దింపు రెగ్యులేటరు. విద్యుత్ ప్రవాహపు దిశ మారినపుడు మోటారు తిరుగు దిశయు మారును. ఎక్కుట, దిగుట అనునవి ఇంతమాత్రమే. మోటారు ఇరుసుపై నున్న మరచుట్టు పండ్లచక్రమును త్రిప్పును గాని, చక్రము మరచుట్టును సులభముగా త్రిప్పలేదు. అందుచేతనే ఎక్కిన అద్దము తన బరువునకు తానే జారిపోదు.

ఇక శోధన. తలుపు విప్పకముందే చాల సంగతులు తెలియును. అన్ని అద్దములును ఆగినచో ఫ్యూజును, ఉమ్మడి విద్యుత్ మార్గమును చూడవలెను. వెనుక అద్దములు మాత్రమే వాని స్విచ్‌లకు లొంగనిచో, డ్రైవరు వద్దనున్న లాక్ మీట నొక్కబడి యున్నదేమో చూడవలెను. ఒక్క అద్దమే ఆగినపుడు దానిని డ్రైవరు స్విచ్‌తోను, దాని సొంత స్విచ్‌తోను నడిపి చూడవలెను. ఒకదానితో నడచి రెండవదానితో నడవనిచో మోటారు నిర్దోషి. దోషము తరచు స్విచ్‌లోనే యుండును.

రెండింటితోను నడవనపుడు చెవి సాయపడును. మోటారు ధ్వని వినబడుచు అద్దము కదలనిచో రెగ్యులేటరు కేబులు తెగియుండును, లేదా అద్దమును పట్టు బిగింపు ఊడియుండును. ధ్వనియే లేనపుడు కారులోని దీపమును గమనింపవలెను. స్విచ్ నొక్కగానే అది కొద్దిగా మసకబారినచో ప్రవాహము సాగుచున్నది. మోటారు గాని అద్దము గాని బిగుసుకొన్నది. దీపములో మార్పే లేనిచో మార్గము ఎక్కడనో తెగినదని అనుమానింపవచ్చును.

ఆ తెగుట తరచు తలుపునకును కారునకును నడుమనున్న రబ్బరు గొట్టములో జరుగును. తలుపు తెరచినపుడెల్ల అచ్చటి వైరు వంగును; పై తొడుగు చెక్కుచెదరకయే లోని రాగి తీగ విరుగును. స్విచ్ నొక్కి పట్టి తలుపును మెల్లగా తెరచి మూయగా అద్దము ఒక్కసారి కదలినచో దొంగ దొరికినట్లే.

మీటరు కూడ ఒక్కొక్కప్పుడు మోసపుచ్చును. త్రుప్పు పట్టిన అతుకులో అర ఓము నిరోధమున్నదనుకొందము. మోటారు 8 ఆంపియర్లు తీసికొన్నపుడు ఓము సూత్రము ననుసరించి 4 ఓల్టులు అచ్చటనే నష్టమగును. 12 ఓల్టులలో మోటారునకు దక్కునవి 8 మాత్రమే. మోటారును విడదీసి కొలిచినచో ప్రవాహము లేనందున నష్టమును లేదు. మీటరు నిండు 12 చూపును. కాబట్టి మోటారు తగిలించి, స్విచ్ నొక్కియుంచియే కొలువవలెను. పాఠశాలలో వల్లించిన సూత్రము ఇచ్చట ఒక మోటారు వెలను మిగుల్చును.

మరమ్మతులో జాగ్రత్త అవసరము. తలుపు విప్పుటకు ముందు బ్యాటరీ కలుపు తీసివేయవలెను. అద్దమును బలమైన టేపుతో చట్రమునకు అంటించి నిలుపవలెను. రెగ్యులేటరు కదలు దారిలో వ్రేళ్లు పెట్టరాదు. అద్దము బిగుతుగా నడచుచున్నచో దాని రబ్బరు గాడిని శుభ్రపరచి సిలికోను పూత పూయవలెను. సాధారణ నూనె రబ్బరును చెరచును.

పని ముగిసిన పిదప అద్దము కదలుట ఒక్కటే చాలదు. పిల్లల తలలు, చేతులు ఎక్కుచున్న అద్దమునకు చిక్కి ప్రాణములు పోయిన సందర్భములు కలవు. పిల్లవాని మోకాలు తగిలి అద్దము లేవకుండుటకై, పైకెత్తినగాని అద్దమును మూయని స్విచ్‌లను 2005 నాటి అమెరికా చట్టము విధించినది. అడ్డము తగిలినంతనే వెనుకకు దిగు అద్దములున్న కార్లలో, బ్యాటరీ విప్పి బిగించిన పిదప ఆ రక్షణను కారుతో వచ్చిన పుస్తకము చెప్పినట్లు మరల నేర్పవలసి యుండవచ్చును. దానిని మరచిన మరమ్మతు పూర్తియైన మరమ్మతు కాదు.

గమనించుట, ఊహించుట, ఊహను పరీక్షించుట, తప్పైనచో దానిని విడుచుట – శాస్త్రమార్గము ఇదియే. దానిని బోధించుటకు ఖరీదైన ప్రయోగశాల లేకపోయినను, మొరాయించిన కారు తలుపు ఒకటి చాలును.